చిటికెడు తెల్లమట్టి

బుడాపెస్ట్,
18 జనవరి 1998

ప్రియమైన అమ్మకు,

నువ్వు పంపిన పొట్లం అందింది. సాసేజ్‌లు దారిలో కాస్త చెమర్చాయి గాని వాటి వాసన మాత్రం మూడో అంతస్తు దాకా నాకంటే ముందే ఎక్కింది. "మీ అమ్మ పందిని కోసినప్పుడల్లా మాకు పండగే" అంది గదిలో నాతో ఉండే అమ్మాయి. ఈసారి నేను రానందుకు, పేగులు కడిగే మనిషి ఒకరు తక్కువయ్యారని ఇలుష్ ఆంటీ సణుగుతూనే ఉండుంటుంది.

రాకపోవడానికి కారణం పదకొండో నంబరు ప్రయోగం. నీ పాత నోటుబుక్కు పక్కన పెట్టుకుని, నీ గుండ్రటి అక్షరాల్లో ఉన్నది ఉన్నట్టుగా చేశాను. అల్యూమినియం ద్రావణంలో సిలికా ద్రావణం చుక్కచుక్కగా కలిపాను. జెల్లీలాంటి ముద్ద దిగింది. ఆటోక్లేవ్‌లో పెట్టి మూత బిగించి, రెండువందల ఇరవై డిగ్రీల దగ్గర ఇరవై ఎనిమిది రోజులు ఉడకనిచ్చాను. కొండలు లక్షల ఏళ్లకి చేసే మట్టిని మనం నెలలో చేశామన్న సంతోషం ఒక పూట ఉంది. మర్నాడు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఆ సంతోషాన్ని లాగేసుకుంది.

రావాల్సినవి గొట్టాలు. తలవెంట్రుకని నిలువునా వెయ్యి చీలికలు చేస్తే ఒక్క చీలిక ఎంత ఉంటుందో అంత లావు గొట్టాలు. వచ్చినవి ఉండలు. నువ్వు ఎండలో ఆరబోసే పిండిగుళికల్లా తెరనిండా ఉండలే. పదకొండుసార్లూ అంతే.

బార్తా సార్ వచ్చి నా వెనక నిలబడి చూశారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "పరవాలేదమ్మాయ్. పదిహేనేళ్లలో మీ అమ్మ ఒక్కావిడ చేతికే ఆ గొట్టాలు వచ్చాయి. చెయ్యి అనేది ఒకటుంటుంది. నీకూ వస్తుందిలే" అన్నారు. వరండాలో పెద్ద అద్దం ఫ్రేములో 1983 నాటి ఆ ఫొటో ఇంకా వేలాడుతూనే ఉంది. గడ్డివాము విరజిమ్మినట్టు వందల గొట్టాలు. కింద అచ్చులో నీ పేరు. రోజుకి నాలుగుసార్లు దాని ముందు నుంచి నడుస్తాను. తల ఎత్తలేకపోతున్నాను.

కిటుకేమిటో చెప్పవే అమ్మా. నోటుబుక్కులో రాయనిది ఏదో ఉండే ఉంటుంది. మార్చి ఆఖరికి ఫలితం చూపించకపోతే నా డాక్టరేటు స్కాలర్‌షిప్పు పొడిగించరు.

ముద్దులతో,
నీ షారి


ఫెహెర్‌కో,
2 ఫిబ్రవరి 1998

నా బంగారు షారీకి,

ఇక్కడ మోకాలి దాకా మంచు. పొయ్యికి కట్టెలు సరిపోతాయి, బెంగపడకు. ఇలుష్ మెట్ల మీద జారి మణికట్టు బెణికించుకుంది. అయినా నోటికేమీ కాలేదు.

నేను ఆ లేబరేటరీ వదిలి ఏడేళ్లయింది. నాకేం గుర్తుంటుంది చెప్పు? కిటుకు అంటూ ఏమీ లేదు. ఓపికగా కడగడమే. నేను డాక్టరమ్మని కాదు, సీసాలు తోమి, చెప్పినట్టు కలిపిన దాన్ని. పెద్దాయన మంచితనం కొద్దీ నా పేరు వేశారు.

నన్నడిగితే ఆ గొట్టాల సంగతి వదిలెయ్యి. మట్టిలో వేరే పనే లేదా? బెంటనైట్ మీద చెయ్యి, నీళ్లు శుభ్రం చేసే మట్టి మీద చెయ్యి. అందరికీ పనికొస్తుంది. మొండిపట్టు పట్టి వయసు పాడుచేసుకోకు. గసగసాల రొట్టె పంపుతున్నాను. నువ్వు తిను, ఆ అమ్మాయికీ పెట్టు.

ప్రేమతో,
అమ్మ


బుడాపెస్ట్,
15 ఫిబ్రవరి 1998

అమ్మకు,

రొట్టె అందింది.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నేను దారి అడిగాను, నువ్వు వెనక్కి తిరిగి వచ్చెయ్యమన్నావు. నాకు చేతకాదని బార్తా సార్ మెత్తగా అంటారు, తోటివాళ్లు వెనకాల అంటారు. నువ్వు అదే మాట రొట్టెతో పాటు పంపావు. "గిజెల్లా గారి కూతురట, పాపం" అని మొన్న స్టోరు గదిలో ఎవరో అనడం విన్నాను. ఆ 'పాపం' నా కోసమో నీ కోసమో తెలియలేదు.

ఓపికగా కడగాలా? మట్టి అడుగుకి దిగేదాకా నలభై నిమిషాలు సెంట్రిఫ్యూజ్ తిప్పి, ఏడుసార్లు కడుగుతున్నాను. నా వేళ్ల చర్మం ఊడిపోతోంది.

ఇంక అడగనులే.

షరోల్తా


ఫెహెర్‌కో,
24 ఫిబ్రవరి 1998

షారీ తల్లీ,

వదిలెయ్యమన్నాను గాని చేతకాదనలేదు. నీ చేతులు మంచివి. నా చేతుల కంటే మంచివి. ఈ మాట ఎందుకు రాస్తున్నానో ఇప్పుడు చెప్పలేను. ఫోను చేద్దామని పోస్టాఫీసు దాకా వెళ్లాను. కౌంటరు దగ్గర నంబరు అడిగితే, రెండు స్టాంపులు కొనుక్కుని వచ్చేశాను.

నన్ను 'అమ్మకు' అని మాత్రమే రాయకు. కింద పూర్తి పేరూ పెట్టకు.

అమ్మ


బుడాపెస్ట్,
22 మార్చి 1998

ప్రియమైన, అతి ప్రియమైన అమ్మకు,

నన్ను క్షమించు. ముందు క్షమించి, తర్వాత కుర్చీలో కూర్చుని చదువు.

నీ చేతుల్లో కిటుకేమీ లేదన్నావు చూడు, నిజంగానే లేదు. ఆ గొట్టాలు అసలు లేబరేటరీలో పుట్టినవే కావు!

1983 నాటి అసలు నమూనా చిన్న గాజుగొట్టంలో ఇంకా బార్తా సార్ బీరువాలో ఉంది. ఊరికే, సరదాకి, దాని ఎక్స్‌రే తీశాను. గ్రాఫులో పెద్ద శిఖరం పక్కన, దాని భుజం మీద మొటిమలా ఒక చిన్న శిఖరం కనిపించింది. అది టైటానియం ఖనిజానిది. రసాయన పరీక్ష చేయిస్తే టైటానియం ఉంది, ఇనుమూ ఉంది. మనం కలిపే ద్రావణాల్లో ఆ రెండూ చుక్క కూడా ఉండవు. ఆటోక్లేవ్ లోపలి టెఫ్లాన్ గిన్నెలోనూ ఉండవు. అవి ఉండేది ఒక్క చోటే. గని నుంచి తవ్వి తీసిన మట్టిలో.

అర్థమైందా? కొండ చేసిన మట్టిని తీసుకొచ్చి, నేను చేశానని లోకానికి చూపించాడాయన. దాని మీదే ప్రొఫెసరయ్యాడు, పతకాలు తెచ్చుకున్నాడు. "గిజెల్లా చేతి మహిమ" అంటూ పదిహేనేళ్లు నిన్ను అడ్డం పెట్టుకున్నాడు. ఎవరైనా చెయ్యలేకపోతే తప్పు వాళ్ల చేతులది! స్టోరు గది ముసలాయన చెప్పాడు, వెండెల్ అని ఒక విద్యార్థి ఉండేవాడట, రెండేళ్లు ప్రయత్నించి, అందరి ముందు అవమానపడి 1986లో చదువు మానేసి పోయాడట. నీకు గుర్తుండే ఉంటాడు.

ఏప్రిల్ ఇరవై నాలుగున బార్తా పదవీ విరమణ సభ. దేశంలో మట్టి మీద పనిచేసేవాళ్లందరూ వస్తారు. ఆ ఫొటో మీద నన్నే మాట్లాడమన్నారు. మాట్లాడతాను. ఆ చిన్న శిఖరాన్ని తెరనిండా వేసి చూపిస్తాను. నీ పేరుకి అంటిన మురికంతా ఆ రోజే కడిగేస్తాను.

ముద్దులతో, కోపంతో,
నీ షారి


ఫెహెర్‌కో,
29 మార్చి 1998

షారీ,

కూర్చునే చదివాను. కూర్చునే రాస్తున్నాను. నువ్వూ కూర్చో.

బార్తా గారు గని మట్టి తేలేదు. తెచ్చింది మీ నాన్న. 1979లో నేనే అడిగితే మన ఊరి గని నుంచి చిన్న సంచిలో తెచ్చిచ్చాడు. పోల్చి చూసుకోడానికి ఒక సహజ నమూనా ఉంటే మంచిదని సీసాలో పోసి, 'ఫెహెర్‌కో' అని చీటీ అంటించి అలమారలో పెట్టింది నేను. దాన్ని తెరిచి కలిపిందీ నేనే.

1983 డిసెంబర్, క్రిస్మస్‌కి నాలుగు రోజుల ముందు. ఆటోక్లేవ్ తెరిచి మట్టిని కడుగుతున్నాను. వీధి చివర కొట్టులోకి అరటిపళ్లు వచ్చాయని ఎవరో మెట్ల మీద అరిచారు. నీకు తెలుసు కదా, అప్పట్లో అరటిపండంటే ఏడాదికొకసారి చూసేది. నువ్వు అడిగావని వెళ్లాననుకునేవు. నువ్వు అడగలేదు. నీకు పదేళ్లు, నీకు ఆ ధ్యాసే లేదు. నాకే తినాలనిపించింది. నలభై నిమిషాలు తిప్పాల్సిన సెంట్రిఫ్యూజ్‌ని పది నిమిషాలకి ఆపేశాను. మట్టి ఇంకా అడుగుకి దిగలేదు. పైనీళ్లు వంపేటప్పుడు చూసుకోలేదు. ఏడుసార్లూ అలాగే హడావిడిగా వంపేశాను. చివరికి చూస్తే గాజుగొట్టాల అడుగున తెల్లటి మరక మాత్రం మిగిలింది. నెల రోజుల పని తూములోకి పోయింది.

ఫలితం లేకపోతే ఆ నెలాఖరుకి మా విభాగం మూసేస్తారని అప్పటికే చెప్పారు. మర్నాడు పొద్దున్నే మైక్రోస్కోప్ మాకిచ్చిన రోజు. నేను అలమార తెరిచి మీ నాన్న తెచ్చిన సీసాలోంచి చిటికెడు తీసి, కడిగి, ఎండబెట్టి, చీటీ అంటించాను. అంతా కలిపి అరగంట కూడా పట్టలేదు. మట్టి మట్టిలానే ఉంటుంది, ఇంతకుముందులాగే ఏమీ రాలేదనుకుంటారు, మళ్లీ చేద్దామంటారు అనుకున్నాను. ఆ సీసాలో ఉన్నది గొట్టాల మట్టి అని నాకు నిజంగా తెలియదు షారీ. ఇది మాత్రం నమ్ము.

తర్వాత కొట్టుకి పరుగెత్తాను. అరటిపళ్లు అయిపోయాయి.

మర్నాడు బార్తా గారు మైక్రోస్కోప్ గదిలోంచి పరుగెత్తుకొచ్చారు. కళ్ల వెంట నీళ్లు. అందరి ముందు నా చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకున్నారు. "గిజెల్లా గారూ, ఇవేం చేతులండీ!" అన్నారు. అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. ఎవరో గ్లాసులో పండ్ల సారా పోసి నా చేతిలో పెట్టారు.

మొదటిసారి భయంతో చేశాను. ఆ తర్వాత మళ్లీ చెయ్యమన్నారు, మళ్లీ కలిపాను. మూడోసారీ కలిపాను. ఆ రెండుసార్లు భయంతో కాదు. ఎనిమిదో తరగతి చదివిన గనికూలీ పెళ్లాన్ని, పుస్తకంలో నా పేరు పడింది. నా బల్ల దగ్గరికి వచ్చి పెద్ద పెద్ద వాళ్లు నమస్కారం చేసేవాళ్లు. అది నాకు బాగుంది. రాయడానికి సిగ్గుగా ఉంది గాని బాగుంది.

ఇక వెండెల్. ఆ అబ్బాయి నన్ను దేన్నీ ముట్టనిచ్చేవాడు కాదు. "అంతా నా చేతుల్తోనే చెయ్యాలి పిన్నీ, లేకపోతే అది నా పని ఎలా అవుతుంది?" అనేవాడు. అందుకే అతనికి ఉండలే వచ్చేవి. నిజాయితీగా చేస్తే వచ్చేవి ఉండలేనని ఆ భవనంలో నాకొక్కదానికే తెలుసు. ఒక సెమినార్‌లో బార్తా గారు అందరి ముందు, "నువ్వు పుస్తకాలు బాగా చదువుతావు వెండెల్, కాని నీకు చేతులు లేవు" అన్నారు. అందరూ నవ్వారు. నేను కాఫీ ట్రే పట్టుకుని తలుపు దగ్గర ఉన్నాను. అతను నా వైపు తిరిగాడు. "గిజీ పిన్నీ, నువ్వు చెప్పు. నువ్వు చేసేది, నేను చెయ్యనిది ఏమిటి?" అన్నాడు.

"ఓపికగా కడుగుతాను బాబూ" అన్నాను.

మళ్లీ అదే మాట ఫిబ్రవరిలో నీకు రాశాను. తెలిసే రాశాను. నీ వేళ్ల చర్మం ఊడిపోతోందన్నావు చూడు, ఆ వాక్యం దగ్గర నుంచి నాకు తిండి సహించలేదు.

బార్తా గారిని ఏమీ అనకు. తెరమీద నువ్వు చూపించాల్సింది మీ అమ్మని. ఈ ఉత్తరం అక్కడ చదువు. చదవద్దని చెప్పే అర్హత నాకు లేదు.

నిన్ను ముద్దు పెట్టుకుంటున్నానని రాయడానికి ధైర్యం చాలడం లేదు.

అమ్మ


ఫెహెర్‌కో,
19 ఏప్రిల్ 1998

షారీ,

ఈస్టర్‌కి వస్తావేమోనని హామ్ ఉడికించాను. సోమవారం పొద్దున ఆచారం ప్రకారం ఆడపిల్లల మీద నీళ్లు చల్లడానికి వచ్చిన మగపిల్లలు, "షారి రాలేదా?" అని అడిగారు. పనుందని చెప్పాను.

మూడు వారాలైంది. పోస్టుమాన్ సైకిల్ ఆపకుండా వెళ్లిపోతుంటే, ఉత్తరం లేనందుకు బాధపడుతున్నానో, ఇంకా రానందుకు ఊపిరి పీల్చుకుంటున్నానో నాకే తెలియడం లేదు. నువ్వు తిట్టు. తిడుతూ రాయి. ఖాళీ కాగితం పంపినా నీ చేత్తో మడిచిందే కదా.

శుక్రవారం సభ. నేను వచ్చి నిలబడాలంటే వస్తాను. నల్ల గౌను ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను.

అమ్మ


బుడాపెస్ట్,
3 మే 1998

అమ్మా,

నేను రాయకపోవడానికి కారణం నీ మీద కోపమనుకున్నావు. మొదటి మూడు రోజులు కోపమే. ఆ తర్వాత కాదు. నేను నీకు ఒక అబద్ధం రాశాను. దాన్ని సరిచేయకుండా నిన్ను తిట్టలేను, సరిచేయడానికి కలం లేవలేదు.

1983 నమూనాకి సరదాకి ఎక్స్‌రే తీశానన్నాను కదా. సరదాకి ఎవరూ ఎక్స్‌రే తియ్యరు. నీకా సంగతి తెలుసు, అయినా ఎందుకు తీశానని అడగలేదు.

మార్చి ఆరున, మహిళా దినోత్సవానికి రెండు రోజుల ముందు, మగవాళ్లు కింద హాల్లో పూలు పంచుతున్నారు. లేబరేటరీలో నేనొక్కదాన్నే. పన్నెండో నంబరు కడిగి బల్ల మీద పెట్టాను. అందులోనూ ఉండలే ఉంటాయని చూడకుండానే తెలుసు. నీ 'వదిలెయ్యి' అన్న ఉత్తరం కోటు జేబులో ఉంది. అలమారలో 'ఫెహెర్‌కో' అని నీ అక్షరాలతో సీసా ఉంది. నేనూ మూత తీశాను అమ్మా. నేనూ చిటికెడే కలిపాను. నాలాంటి చదువుకున్నవాళ్లు దాన్ని చిటికెడు అనరు, స్ఫటికాలు పెరగడానికి 'విత్తనం వేశాను' అంటారు. నాకు నేను అలాగే చెప్పుకున్నాను. కిందికి వెళ్లి నా పువ్వు నేను తీసుకున్నాను కూడా.

సోమవారం మైక్రోస్కోప్ తెరనిండా గొట్టాలు. బార్తా సార్‌ని పిలిచాను. నీ చేతుల్ని పొగిడినట్టు నా చేతుల్నీ పొగుడుతారనుకున్నాను. ఆయన తెరని చూసి సున్నంలా పాలిపోయారు. "ఎక్స్‌రే తీశావా?" అన్నారు. లేదన్నాను. "తియ్యి. తీసి నువ్వే చూసుకో" అని వెళ్లిపోయారు. తీశాను. భుజం మీద చిన్న శిఖరం. 1983 నమూనాకీ తీసి పక్కన పెట్టి చూస్తే అదే శిఖరం, అదే చోట. నా దొంగతనం పక్కన పెట్టుకుంటేనే పాత దొంగతనం కనిపించింది. అప్పుడు నాకు ఎంత సంతోషం కలిగిందో తెలుసా? నాకంటే పెద్ద దొంగ దొరికాడు. పన్నెండో నంబరు చెత్తబుట్టలో పారేసి, చేతులు కడుక్కుని, నీకు ఆ కోపపు ఉత్తరం రాశాను. నీ పేరు కడుగుతానన్నాను. నీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు పక్కమీద నుంచి లేవలేదు. 'అది నాకు బాగుంది' అని నువ్వు రాసిన చోట నా మొహం నాకే కనిపించింది.

సభకి ముందు బుధవారం నీ ఉత్తరం పట్టుకుని బార్తా సార్ గదికి వెళ్లాను. నిలబడే చదివారు. చదివి, కూర్చున్నారు. సొరుగు లాగి ఒక పసుపురంగు కాగితం నా ముందు పెట్టారు. 1985 నాటి రసాయన పరీక్ష. టైటానియం, ఇనుము. కింద ఆయన సంతకం.

"మీకు తెలుసా?" అన్నాను.

"పదమూడేళ్లుగా తెలుసు."

"అమ్మ చేసిందనీ తెలుసా?"

"అడగలేదు. అడిగితే ఆవిడ చెబుతుందేమోనని భయం."

"మరి వెండెల్? అతన్ని అలా అన్నది 1986లో కదా సార్?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూనే ఉన్నారు. "ఎవరో ఒకరు నిజంగా గొట్టాలు చేసేస్తే, నా అబద్ధం నిజమైపోతుందని చూశానమ్మాయ్. అందుకే అతనికిచ్చాను, నీకిచ్చాను. మీ అమ్మా నేనూ ఆరేళ్లు ఒకే గదిలో కాఫీ తాగాం. రోజూ ఆవిడ మొహం చూడకుండా కప్పు అందుకునేవాణ్ని. ఆవిడా నా మొహం చూసేది కాదు. గౌరవం అనుకున్నాను" అన్నారు.

అమ్మా, ఆయనకీ తెలుసని తెలిసి నీకు భారం తగ్గుతుందేమో. నాకు తగ్గలేదు. ముగ్గురం ఒకే సీసా చుట్టూ తిరిగాం, ఆ సంగతి ఒకరికొకరం చెప్పుకోలేదు. బయటికి గెంటినది మాత్రం మూత తీయని ఒక్క మనిషిని.

శుక్రవారం ఆయనే ముందు లేచారు. ఆ పరిశోధన పత్రాన్ని వెనక్కి తీసుకుంటున్నానని చెప్పి, పసుపు కాగితం చదివారు. ఆ తర్వాత నేను లేచి పన్నెండో నంబరు సంగతి చెప్పాను. నీ ఉత్తరం చదవలేదు. నీ పేరు చెప్పాను, చేసింది చెప్పాను, అరటిపళ్ల సంగతి చెప్పలేదు. అది నీది. సభ అయ్యాక తెచ్చిన కేకు ఎవరూ కొయ్యలేదు. వరండాలో ఫొటో తీసేశారు. ఆ చోట గోడ తెల్లగా, చతురస్రంగా ఉండిపోయింది.

స్కాలర్‌షిప్పు ఆపేశారు. ఏడాది తర్వాత మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చన్నారు, ఇస్తారో లేదో తెలియదు. ఈ ఏడాదంతా స్టోరు గదిలో సీసాలు తోమే పని అడిగాను. ఇచ్చారు.

వెండెల్ చిరునామా సంపాదించాను. మిష్కోల్ట్స్‌లో మంచినీళ్ల కర్మాగారంలో పని చేస్తున్నాడు. బార్తా సార్ అతనికి ఉత్తరం రాశారు. నేనూ రాశాను. మా ఇద్దరివీ తెరవకుండా తిరిగొచ్చాయి. నువ్వు ఏం చేస్తావో నేను చెప్పను. చిరునామా కాగితం వెనక ఉంది.

నిన్ను ముద్దు పెట్టుకుంటున్నాను. నాకూ ధైర్యం చాలడం లేదు, అయినా పెట్టుకుంటున్నాను.

నీ షారి


ఫెహెర్‌కో,
24 మే 1998

నా షారీకి,

ఉత్తరం రాస్తే తిరిగొస్తుందని తెలిసి నేనే మిష్కోల్ట్స్ వెళ్లాను. నిన్న శనివారం, తొలి బస్సుకి. నల్ల గౌను వేసుకున్నాను. బస్సులో ఒకావిడ "ఎవరు పోయారమ్మా?" అని పరామర్శించింది.

నాలుగో వీధిలో పెంకుటిల్లు, ముందు చిన్న తోట. వెండెల్ నిచ్చెనెక్కి చెర్రీ చెట్టుకి పిట్టలు వాలకుండా వల కడుతున్నాడు. జుట్టు పల్చబడింది. గేటు దగ్గర నన్ను చూసి నిచ్చెన మీదే ఆగిపోయాడు.

"గిజీ పిన్నీ" అన్నాడు. అంతే. దిగిరాలేదు.

నేను గేటు బయట నిలబడే చెప్పాను. సెంట్రిఫ్యూజ్, అరటిపళ్లు, సీసా, మూడుసార్లు. నువ్వు చేసినవే నిజమైనవి బాబూ, నీకు వచ్చిన ఉండలే నిజం అన్నాను. అతను వల ముడి వేస్తూనే విన్నాడు. అంతా అయ్యాక దిగి గేటు దాకా వచ్చాడు. గేటు తియ్యలేదు.

"ఆ రోజు సెమినార్‌లో నిన్ను అడిగాను. చెబుదామని నీకు అనిపించిందా, అనిపించలేదా? అదొక్కటే చెప్పు."

"అనిపించింది."

"తర్వాత?"

"కాఫీ చల్లారిపోతోందని పంచాను."

నవ్వాడు షారీ. మంచి నవ్వు కాదు. "రెండేళ్లు ఈ చేతుల్ని దీపం కింద పెట్టి చూసుకున్నాను పిన్నీ. ఏం లోపముందో కనపడుతుందేమోనని. మా ఆవిడకి పెళ్లికి ముందే చెప్పాను, నేను ఫెయిలైనవాణ్ని అని. మా నాన్నకైతే ఇప్పటికీ అదే" అన్నాడు. అని, గేటు తీశాడు. "రా. నాకు చెప్పినట్టే లోపల చెప్పు."

వంటింట్లో వాళ్లావిడ పుల్లచెర్రీల సూప్ కాస్తోంది. "ఈవిడ నీకొకటి చెబుతుంది" అన్నాడు. మొదటి నుంచి చెప్పాను. ఆవిడ గరిటె పక్కన పెట్టేసింది. కూర్చోమని మాత్రం అనలేదు.

ఆ తర్వాత వెనక గదికి తీసుకెళ్లాడు. కిటికీ పక్కన వాళ్ల నాన్న. ఎనభై దాటాయి. రైల్వేలో పనిచేశాడట. కొడుకుని చదివించడానికి రెండు షిఫ్టులు చేశాడట. చెవులు బొత్తిగా వినపడవు. వెండెల్ ఆయన పక్కన నిలబడి, "గట్టిగా చెప్పాలి. ఆ వీధి మలుపు దాకా వినపడేంత గట్టిగా" అన్నాడు.

కిటికీ తెరిచి ఉంది. అవతల తోటలో పక్కింటివాళ్లు బంగాళాదుంపలకి మట్టి ఎగదోస్తున్నారు. నేను అరిచాను. "నేను లేబరేటరీలో పనిచేశాను! మీ అబ్బాయి పని సరిగ్గా చేశాడు! నేను మోసం చేశాను!" పక్కతోటలో పార చప్పుడు ఆగిపోయింది. ముసలాయన నా నోటి వైపే చూస్తున్నాడు. "మట్టి కలిపింది నేను! నిజం చెప్పకుండా అతన్ని పోనిచ్చాను! మీ అబ్బాయి చేతులు మంచివి!"

వెండెల్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. వాళ్లావిడ గుమ్మంలో నిలబడి మోచేత్తో కళ్లు తుడుచుకుంది. ముసలాయనకి వినపడలేదేమో, మళ్లీ మొదలుపెట్టాలేమో అనుకున్నాను. అప్పుడాయన కుర్చీలో సర్దుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"వినపడింది. ఇంకోసారి చెప్పమ్మా" అన్నాడు.

చెప్పాను.

ముద్దులతో,
అమ్మ